జాడించి పట్టిన నీళ్లు

నేను ఒక జీవో కారణంగా పుట్టిన గాజు సీసాను. మనుషుల విషయంలో ముందు మనిషి పుట్టి, తరువాత కాగితం పుడుతుంది. నా విషయంలో కాగితమే ముందు పుట్టింది. ప్రజలకు నీరు సరఫరా చేసే ప్రతి పథకంలోనూ నెలకొకసారి, నీరు బయలుదేరే ట్యాంకు దగ్గర కాక, అది చేరే చిట్టచివరి కుళాయి దగ్గర నమూనా పట్టి క్రిముల పరీక్ష జరపాలని ఆ ఉత్తర్వు చెప్పింది. రాసినవారెవరో నాకు తెలియదు గాని తెలివైనవారు. దారిలో నీటికి ఏం జరిగిందో చివరి కుళాయికే తెలుస్తుందని గ్రహించినవారు. నీరు చెడ్డదని తేలితే ఇరవైనాలుగు గంటల్లో సరఫరా ఆపి ట్యాంకరు పంపాలని, లోపం ఎక్కడుందో కనిపెట్టి శాశ్వతంగా సరిచేయాలని కూడా రాశారు. అంత మంచి ఉత్తర్వు అమలు కావాలంటే ముందు సీసాలు కావాలి. అందుకని ఉత్తరాదిలో ఎక్కడో ఒక కొలిమిలో మమ్మల్ని రెండువందల మందిని అచ్చు పోయించారు.

కొలిమి నాకు పెద్దగా గుర్తు లేదు. మూత ఒక్కటే గుర్తు. నా మెడనూ నా మూతనూ ఒకదానితో ఒకటి రాపాడించి, రెండింటి మధ్య గాలి కూడా దూరనంతగా అరగదీశారు. ఆ మూత మరే సీసాకూ పట్టదు. నాకు మరే మూతా పట్టదు. ఇంత ఖచ్చితమైన జతను తరువాత నేను మనుషుల్లో ఒకచోట మాత్రమే చూశాను. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

నేను చేరిన ప్రయోగశాల గోదావరి డెల్టాలో ఒక డివిజను పట్టణంలో, పశువుల ఆసుపత్రి వెనక, రెండు గదుల్లో ఉండేది. అక్కడ నీటి పరీక్షలన్నీ చేసేది హైమవతి ఒక్కతే. సూక్ష్మజీవశాస్త్రం చదివింది. నలభై దాటిన మనిషి. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదనే ఉంది. తక్కువ మాట్లాడుతుంది. నా భుజం మీద వజ్రపు మొనతో పదిహేడు అని గీసింది ఆమే. ప్రతిసారీ నన్ను కడిగి, ఆరబెట్టి, అడుగున థయోసల్ఫేటు అనే మందు రెండు చుక్కలు వేసేది. మూత పెట్టి, మూత మీద గోధుమరంగు కాగితం కప్పి, దారంతో కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించేది. నేను బయటికి వచ్చేటప్పటికి ఆ చుక్కలు ఆరిపోయి, నా అడుగున సన్నని తెల్లని మరక మిగిలేది.

నా కథంతా ఆ తెల్లని మరకలోనే ఉంది కనుక అది ఎందుకో చెప్పాలి. పంచాయతీలు నీళ్లలో బ్లీచింగు కలుపుతాయి. అందులోని క్లోరిన్ క్రిములను చంపుతుంది, కాని వెంటనే చంపదు. దానికి వ్యవధి కావాలి. ఊళ్లో కుళాయి కింద గ్లాసు పెట్టి తాగే మనిషి దానికి ఆ వ్యవధి ఇవ్వడు. నాలో పట్టిన నీరు మాత్రం మంచుపెట్టెలో మూడు గంటలు ప్రయాణం చేస్తుంది. ఆ మూడు గంటలూ క్లోరిన్ తన పని తాను చేసుకుంటూ పోతే, ప్రయోగశాల చేరేది మనుషులు తాగిన నీరు కాదు, దారిలో బాగుపడిన నీరు. ఆ రెండు చుక్కల మందు, నీరు నాలో పడగానే క్లోరిన్‌ను ఆపేస్తుంది. కుళాయి కింద ఆ క్షణంలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా పట్టి ఉంచుతుంది. నన్ను సాక్షిగా నిలబెట్టేది ఆ మరకే. అది లేకపోతే నేను వట్టి సీసాను.

మంచుపెట్టెలో నా పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ప్రయాణం చేసేది. దానిలో పట్టే నీటితో ఉప్పు, ఫ్లోరైడు వంటివి కొలుస్తారు. దాన్ని అదే కుళాయి నీటితో మూడుసార్లు జాడించి పట్టాలని నియమం. నన్ను ఒక్కసారి కూడా జాడించకూడదని నియమం. ఒకే పెట్టెలో, ఒకే మనిషి చేతిలో, ఒకదానికొకటి సరిగ్గా విరుద్ధమైన రెండు నియమాలు. వాటిని రాసినవాళ్లు ఆ పెట్టెను ఎన్నడూ మోయలేదు.

మోసింది ఏసుపాదం. ఇరవైయారేళ్ల సర్వీసున్న అటెండరు. మెడ చుట్టూ కాలరు మాయకుండా చేతిరుమాలు పెట్టుకునేవాడు. ఎవరి ఇంట్లో నీళ్లిచ్చినా గ్లాసు అంచు వేలితో తుడుచుకుని తాగేవాడు. శాఖవాళ్లు అతనికి శిక్షణ ఇచ్చింది ఒక్కసారే, మూడు రోజులు. అప్పటికి గాజు సీసాలు రాలేదు, డబ్బాతోనే నేర్పారు. మూడుసార్లు జాడించడం అతని చేతికి అలవాటైంది. మేము వచ్చిన నెలలో హైమవతి బల్ల మీద ఎనభై నమూనాలు పేరుకుని ఉన్నాయి. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది:

"ఏసుపాదం గారూ, గాజు సీసాని మాత్రం కడక్కండి. కాగితం విప్పడం, పట్టడం, మూత పెట్టడం. అంతే."

"అలాగేనండి మేడం గారు."

ఎందుకు కడగకూడదో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. మురికిగా ఉండకూడదనే నియమాన్ని అతను ప్రాణం పోయినా తప్పడు. శుభ్రం చేయకూడదనే నియమం ఒకటి ఉంటుందని మాత్రం అతని మనసు నమ్మలేదు. మేడం తొందరలో ఉందనీ, పని తేలిక చేయడానికి అలా అన్నదనీ అనుకున్నాడు. తేలిక పనులంటే అతనికి చిన్నచూపు.

నాకు వంతు పడిన ఊరు జువ్వలంక. చేపల చెరువుల మధ్య ఊరు. ఊరికీ పేటకూ నడుమ మురుగు డ్రైను పారుతుంది. ఊళ్లోని మరుగుదొడ్ల నీరూ, చెరువులు ఖాళీ చేసిన నీరూ దానిలోకే చేరతాయి. ట్యాంకు ఊరి వైపుంది. పేటకు నీళ్లు తీసుకువెళ్లే గొట్టం డ్రైను మీదుగా కాక, డ్రైను బురదలోంచే దాటుతుంది. స్తంభాలు కట్టి గొట్టాన్ని పైకి ఎత్తాలని తయారుచేసిన ప్రతిపాదన ఒకటి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి ఆఫీసులో ఉంది. అది కదలాలంటే నీరు చెడ్డదని ప్రయోగశాల రాసి ఇవ్వాలి. చెడ్డ నీటికి చెడ్డ రిపోర్టు రావాలి, అంతే. చట్టం అడిగింది న్యాయమైన చిన్న కోరికే.

పేటలో చిట్టచివరి కుళాయి ఎస్తేరు ఇంటి ముందుంది. ఎస్తేరు ఏసుపాదం ఒక్కగానొక్క కూతురు. ఇంటరు చదివింది. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రే పెంచాడు. అతని శుభ్రమంతా ఆమెకు వచ్చింది, అతనికి లేని నోరు అదనంగా వచ్చింది. ఆమె భర్త రాజారత్నం పంచాయతీ నీటి ట్యాంకు ఆపరేటరు. ఆ చివరి కుళాయి కూతురింటి ముందే ఉండటం తనకు దేవుడిచ్చిన వరమని ఏసుపాదం అనుకునేవాడు.

మొదటిసారి నన్ను తీసుకుని వెళ్లిన ఉదయం నాకు బాగా గుర్తు.

"ఏం నాన్నా, కూతురి మీద బెంగతో వచ్చావా, కుళాయి మీద బెంగతో వచ్చావా?" అని గుమ్మంలోంచే అరిచింది ఎస్తేరు.

"రెండూ ఒకే బస్సులో వచ్చేయమ్మా."

రాజారత్నం లుంగీ సర్దుకుంటూ ఎదురొచ్చాడు. "మావయ్యగారండీ, మీరొస్తన్నారని పొద్దున్నే ట్యాంకులో బ్లీచింగు ఇంకో డబ్బా ఎక్కువేశానండి. వాసన చూడండోసారి. ఆసుపత్రి వరండాలాగ లేదూ?"

"మావగారికి అత్తరు జల్లినట్టు నీళ్లకి బ్లీచింగు జల్లేడు," అంది ఎస్తేరు. "నాకు మూర మల్లెపూలు తెమ్మంటే మాత్రం మర్చిపోతాడు."

అతను నవ్వి ఆమె జడ లాగాడు. ఆమె అతని చేతి మీద ఒకటి వేసింది. నేను ఇందాక చెప్పిన జత వీళ్లే.

ఏసుపాదం నా మెడకున్న దారం విప్పబోతుంటే ఎస్తేరు నన్ను అందుకుని వెలుగుకు ఎత్తి చూసింది.

"అడుగున తెల్లగా ఏదో అంటుకుపోయింది, చూడు. సర్ఫు కాబోలు. గవర్నమెంటోళ్లు కడిగితే ఇలాగే ఏడుస్తది."

"మేడం గారు కడగొద్దన్నారమ్మా."

"మురికి సీసాలో నీళ్లు పట్టుకెళ్లి, పేట నీళ్లు మురికని రాసుకుంటారా? బాగుంది వరస. ఊళ్లోవాళ్లకి ఆ ఒక్క మాట చాలు, పదేళ్లు చెప్పుకుంటారు. ఇలా ఇయ్యి."

కుళాయి తిప్పి, సగం నింపి, మూత పెట్టి, గిరగిరా తిప్పి జాడించి పారబోసింది. నా తెల్లని మరక ఆమె గుమ్మం ముందు మట్టిలో కలిసిపోయింది. తరువాత నిండా పట్టి, మూత బిగించి, కొంగుతో నా ఒళ్లు తుడిచి తండ్రికి ఇచ్చింది. ఏసుపాదం వద్దనలేదు. నేర్పకుండానే తన పని నేర్చుకున్న బిడ్డను ఎలా చూస్తారో అలా చూశాడు.

ఒక తప్పు జరగాలంటే మనుషుల్లో ఒక్కరైనా చెడ్డవారు ఉండాలని వినేవారు అనుకుంటారు. ఆ ఉదయం ఆ వాకిట్లో చెడ్డవారెవరూ లేరు. మామగారి మీద గౌరవంతో అల్లుడు బ్లీచింగు ఎక్కువ వేశాడు. పేట పరువు కోసం కూతురు సీసా జాడించింది. కూతురి మీద మురిపెంతో తండ్రి ఊరుకున్నాడు. ఆ ముగ్గురి మంచితనాన్నీ నింపుకుని నేను మూడు గంటలు ప్రయాణం చేశాను. డ్రైను దగ్గర గొట్టంలోకి వచ్చిన క్రిములు ఆ మూడు గంటల్లో నా కడుపులోనే చచ్చాయి. హైమవతి ఆ నీటిని ఊదారంగు ద్రవం ఉన్న చిన్న గాజు గొట్టాల్లో పోసి వెచ్చని పెట్టెలో ఉంచింది. క్రిములుంటే ఊదా పోయి పసుపు తేలుతుంది, బుడగ లేస్తుంది. రెండు రోజుల తరువాత కూడా ఊదా ఊదాగానే ఉంది. "తాగుటకు యోగ్యము" అని రాసి సంతకం పెట్టింది.

అలా పదకొండు నెలలు జరిగింది. పదకొండు నెలలూ నేను అబద్ధం చెప్పాను.

పన్నెండో నెలలో వానలు పడ్డాయి. డ్రైను ఒడ్డులు ముంచింది. కరెంటు పోయి పంపు ఆగిన ప్రతిసారీ, ఖాళీ అయ్యే గొట్టం తన చుట్టూ ఉన్నదాన్ని కీళ్లలోంచి పీల్చుకునేది. ఒకనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు హైమవతికి ఫోను చేశాడు. జువ్వలంక పేటలో వారంలో తొమ్మిది మందికి పచ్చకామెర్లు. నీళ్ల సంగతేమిటి?

హైమవతి రిజిస్టరు తీసి చదివింది. పదకొండూ మంచివే.

"అయితే బయట తిండి అయ్యుంటుంది," అన్నాడు డాక్టరు. ఆ గొంతులో ఒక బరువు దిగినట్టు వినిపించింది. "నీళ్లు కావని మీ దగ్గర కాగితం ఉంది కదండీ."

ఆమె బరువు మాత్రం దిగలేదు. ప్రత్యేక నమూనా తెమ్మని ఏసుపాదానికి చెప్పింది. "ఇది చెడ్డదని వస్తే రేపే ట్యాంకరు పంపించాలి. వాళ్లు కాదనడానికి లేదు, ఉత్తర్వు ఉంది. జాగ్రత్తగా పట్టండి."

జాగ్రత్త అన్న మాట ఆమె నోట వచ్చిన ఆ క్షణం నుంచి ఏం జరగబోతోందో నాకు తెలుసు. గాజుకు నోరు లేదు.

మేము వెళ్లేటప్పటికి ఎస్తేరు మంచం మీద ఉంది. ఆమెకు ఎనిమిదో నెల. కళ్లలోని తెలుపు పోయి పసుపు వచ్చింది. ఏసుపాదం ఆమె గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి చూశాడు.

"అలా చూస్తావేంటి నాన్నా, సీసాని చూసినట్టు? పద, ముందు నీళ్లు పట్టుకో."

"ఆసుపత్రికి పోదాం లేమ్మా."

"ఆయన ఆటో మాట్లాడటానికెళ్లేడు, వస్తాడు. ఈ రిపోర్టు చెడ్డదని వస్తే ట్యాంకరొస్తదంట కదా. పక్కింటి పిల్లలకి కూడా వచ్చింది నాన్నా, చిన్న పిల్లలు. నువ్వు నన్ను చూస్తా కూర్చుంటే ఆళ్లకి నీళ్లెవరు తెస్తారు?"

గోడ పట్టుకుని లేచి వచ్చింది. అతను నన్ను ఇవ్వనన్నాడు. ఆమె లాక్కుంది.

"ఈసారి మరీ శుభ్రంగా పట్టాలి. ఏ వంకా పెట్టకూడదు ఆళ్లు."

అన్ని నెలలూ ఒక్కసారి జాడించేది. ఆ రోజు మూడుసార్లు జాడించింది. నా అడుగున రెండు చుక్కల మందులో రేణువు కూడా మిగలలేదు. ఆ ఉదయం రాజారత్నం, పేటలో జబ్బుందని, ట్యాంకులో బ్లీచింగు మూడింతలు వేసి ఉన్నాడు.

రెండో రోజు సాయంత్రం హైమవతి వెచ్చని పెట్టె తెరిచింది. అన్నీ ఊదానే. గొట్టాలను చాలాసేపు చూసింది. ఆ తరువాత, పన్నెండు నెలల్లో ఎప్పుడూ చేయని పని చేసింది. నాలో మిగిలిన నీటిని ఫ్రిజ్‌లోంచి తీసి, కొంచెం చిన్న గొట్టంలో పోసి, ఊళ్లలో క్లోరిన్ చూడటానికి వాడే మందు రెండు చుక్కలు వేసింది. నా అడుగున ఉండవలసిన మందు ఉండి ఉంటే ఆ నీరు తేటగా ఉండాలి. చిక్కని పసుపు తేలింది.

కారణం నుంచి ఫలితానికి పోవడం ఆమె చదువు. ఆ సాయంత్రం ఫలితం నుంచి కారణానికి వెనక్కు నడిచింది. ఈ నీటిలో క్లోరిన్ ఉంది, కనుక మందు లేదు. నేను వేశాను, కనుక ఎవరో కడిగారు. కడగవద్దని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. అక్కడ ఆగింది. కుర్చీలో కూర్చుని ఏసుపాదానికి ఫోను చేసింది. ఎత్తింది రాజారత్నం.

"పోయిందండీ," అన్నాడు. "మధ్యాన్నం పోయింది. బిడ్డ కూడా." కొంచెం ఆగి, "మావయ్యగారు మాటాడే పరిస్తితి లేదండి. రిపోర్టేవొచ్చిందని అడగమన్నారు," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి, నన్ను కడగడానికి తీసింది.

మర్నాడు నన్ను మళ్లీ ఉడికించి, ఆమె స్వయంగా జువ్వలంక వెళ్లింది. చావు ఇంటి ముందు, ఎవరినీ పలకరించకుండా, కాగితం విప్పి, జాడించకుండా నీరు పట్టింది. రెండు రోజులకు గొట్టాలన్నీ పసుపెక్కాయి, అన్నిట్లోనూ బుడగ లేచింది. "తాగుటకు యోగ్యము కాదు" అని ఆ ఊరికి మొదటిసారి రాసింది. ఇరవైనాలుగు గంటల్లో ట్యాంకరు వచ్చింది. చట్టం తన మాట అక్షరాలా నిలబెట్టుకుంది. పదిహేను రోజులు పేటవాళ్లు మంచినీళ్లు తాగారు. ఆ తరువాత శాశ్వతంగా సరిచేయవలసిన లోపం ఏదో తేల్చడానికి విచారణ వేశారు. గొట్టం పైకి లేవాలా వద్దా అన్నది ఆ విచారణ మాట మీద ఆధారపడింది.

విచారణ అధికారి మొదటి ప్రశ్న సహజమైనదే. పదకొండు నెలలు మంచిదైన నీరు, ప్రత్యేక నమూనాలోనూ మంచిదైన నీరు, నాలుగు రోజుల్లో ఎలా చెడిపోయింది?

జవాబు ఇచ్చే ముందు హైమవతి ఏసుపాదాన్ని ప్రయోగశాలకు పిలిచింది. అతను వచ్చి నిలబడ్డాడు. మెడలో చేతిరుమాలు లేదు. నన్ను బల్ల మీద పెట్టి, తెల్లని మరక ఏమిటో, ఎందుకో, ఏడాది ఆలస్యంగా చెప్పింది. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

అతను నన్నే చూస్తూ విన్నాడు. "సర్ఫు కాదాండీ అది?" అన్నాడు చివరికి.

"కాదు."

"అది కడక్కపోతే మొదటి నెల్లోనే తెలిసేదాండీ?"

ఆమె తల ఊపింది.

"నా కూతురు చేత్తో..." అని ఆగాడు. నన్ను పక్కకు జరిపి అన్నాడు: "అమ్మాయి పేరు రాయకండి మేడం గారు. నేనే కడిగేనని రాయండి."

"మీ ఉద్యోగం పోతుంది. నేను కూడా కారణమేనని రాస్తాను, ఎందుకో చెప్పలేదని రాస్తాను. అయినా ముందు మీదే పోతుంది."

"పోతే పోయింది లెండి. నిజం రాస్తే గొట్టం పైకెత్తుతారు కదండీ? అదొక్కటి జరగాలి."

ఎత్తుతారని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. నిజం అంతా ఒకచోట చేరితే ఫలితం దానంతట అదే వస్తుందని చదువుకున్నవాళ్లూ గాజుసామానూ నమ్ముతాయి.

విచారణ నివేదికను హైమవతి నా పక్కనే కూర్చుని, తనలో తాను కాక, పైకి చదువుకుంది. ఎవరో వినాలన్నట్టు. అటెండరు నియమం తప్పి సీసాలు కడిగినట్టు ఒప్పుకున్నాడు, కనుక పన్నెండు రిపోర్టులూ చెల్లవు. చెల్లని రిపోర్టుల వల్ల నీరు మంచిదని గాని చెడ్డదని గాని నిరూపణ కాదు. మిగిలింది ఒక్క చెడ్డ రిపోర్టు. అది పట్టిన రోజు ట్యాంకులో బ్లీచింగు వేయలేదని పంచాయతీ రిజిస్టరు చెబుతోంది. ఆ రోజు బ్లీచింగు వేయవలసిన మనిషి భార్యను పూడ్చి వచ్చి ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడని అందులో లేదు. కనుక నీరు చెడటానికి కారణం ఆపరేటరు నిర్లక్ష్యం. గొట్టంలో సాంకేతిక లోపం రుజువు కాలేదు. ఇద్దరినీ విధుల నుంచి తొలగించడమైనది. లోపం శాశ్వతంగా సరిచేయబడినది. ఫైలు మూసివేయడమైనది.

ఆధారంగా చూపిన ఒక్క సంగతి కూడా అబద్ధం కాదు. నేను పదకొండు నెలలు అబద్ధం చెప్పి చేసిన పనిని, ఆ నివేదిక నిజాలతోనే పూర్తి చేసింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు హైమవతి మూడు లేఖలు రాసింది. మొదటిదానికి, అందినదని జవాబు వచ్చింది.

ఆరు వారాలకు కొత్త ఉత్తర్వు వచ్చింది. చివరి కుళాయిల దగ్గర నమూనా పట్టడంలో మానవ తప్పిదాలకు అవకాశం ఉన్నందున, ఇకపై నమూనాలను ట్యాంకు దగ్గరే, బాధ్యత గల అధికారి సమక్షంలో పట్టాలి. ట్యాంకు ఊరి వైపుంది. గొట్టం డ్రైనులోకి దిగేది దాని తరువాత. జువ్వలంక రిపోర్టులు ఇప్పుడు నెలనెలా మంచివే వస్తున్నాయి. ఇప్పుడు సీసాను ఎవరూ కడగడం లేదు. అంతా నియమం ప్రకారమే జరుగుతోంది.

నన్ను సాక్ష్యంగా గోధుమరంగు కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, ప్రయోగశాల బీరువాలో ఉంచారు. ఎవరైనా అప్పీలు చేస్తే చూపడానికి. ఎవరూ చేయలేదు. లోపల చీకటి. చూపు లేకపోయినా వినికిడి ఉంది.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఏసుపాదం గొంతు వినబడింది. ఏదో కాగితం మీద సంతకానికి వచ్చాడు. అల్లుడి దగ్గరే, జువ్వలంకలోనే ఉంటున్నాడట.

"పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చుంటానండి," అన్నాడు. "బిందెలు తెచ్చిన ఆడోళ్లకి చెప్తాను, కాచుకు తాగండమ్మా అని. ఓ వారం కాస్తారు. గ్యాసు ఎక్కడ చాలుద్దండీ. 'నీళ్లు చెడ్డయ్యని కాయితమేదైనా ఉందా తాతా?' అంటారు. లేదు కదండీ మరి."

హైమవతి కాగితాలు తిప్పిన చప్పుడు.

"చివరి కుళాయి దగ్గర ఇప్పుడెవరు పడతన్నారండీ?"

"ఎవరూ పట్టరు ఏసుపాదం గారూ."

"ఓహో." కుర్చీ కిర్రుమంది. ఎండన పడి వచ్చిన మనిషి, దగ్గాడు. "కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారాండీ?"

ఆమె లేచిన చప్పుడు. గ్లాసు తీసిన చప్పుడు. తరువాత వినబడింది నాకు మరే శబ్దం కంటే బాగా తెలిసిన శబ్దం. గ్లాసులో కొంచెం నీళ్లు పడి, గిరగిరా తిరిగి, తొట్టిలోకి పోయాయి. మళ్లీ పడి, తిరిగి, పోయాయి. మూడోసారి నీళ్లు పడ్డాయి. తిరగలేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

కుళాయి కారుతూనే ఉంది.

"ఇయ్యండి, పరవాలేదు," అన్నాడు ఏసుపాదం. తీసుకుని తాగాడు.